గుండు బోల్టులు

పోయిన వారం ఎల్లారెడ్డిల రాజయ్య పటేలు కల్లం గేటును కాలుతోని తన్ని లోపలికి పోయిన. కథ గాడ్నే ఆపిన. ఎందుకు తన్నిననో మరిచినోళ్లకు, ఇయ్యాల్నే చదువుడు షురూ చేసినోళ్లకు జర యాదికి చేస్త.

నా పేరు వినోద. కామారెడ్డిల నిజాంసాగర్ చౌరస్త దాటంగనే ఉన్న స్పేర్ పార్టుల దుకాణం నాది. మా ఆయన మస్కట్‌ల క్రేన్ నడుపుతడు. ఎనిమిదేండ్ల సంది కౌంటర్ మీద కూసునేది నేనే. నా పక్క షెడ్డు సిద్ధిరాములన్నది. సామాన్ నేను అమ్ముత, ఆయన బిగిస్తడు. మా ఇద్దరికి పెద్ద గిరాకీ భూపాల్, రాజయ్య పటేలు ఒక్కగానొక్క కొడుకు. సెకండ్ హ్యాండ్‌ల టర్బో కారు కొని, దాన్ని మార్చుకుంట మార్చుకుంట సంబురపడ్డడు. నేను గేటు తన్నిన దానికి రెండు దినాల ముందు, పగటీలి లింగంపేట దాటినంక మూలమలుపు కాడ ఆ కారు ముందటి ఎడమ చక్రం ఊడిపోయింది. రోడ్డు పక్క ఆటో కోసం నిలబడ్డ నాగవ్వకు తాకింది. నాగవ్వ బీడీలు చేస్తది. ఆకుల కట్ట నెత్తి మీద ఉండంగనే పడిపోయింది. తెల్లారి కామారెడ్డి దవాఖాన్ల ఆమె కాలు మోకాలు పైకెళ్లి తీసేసిండ్రు.

ఇగ పటేలు ఏం చేసిండంటే, సిద్ధిరాములన్నను ఆ మరునాడు పొద్దుగాల్నే పిలిపించుకొని 'చక్రం నేనే బిగించిన, సక్కగ బిగియ్యలే' అని కాయితం రాపిస్తున్నడు. ఆ కాయితం స్టేషన్‌కు పోతే అన్న లోపలికి పోతడు. పచ్చి అబద్ధం అది. చక్రాలు బిగించింది భూపాలే, ఇదే కల్లంల, తన చేతులతోని. ఆ దినం సిద్ధిరాములన్న బిచ్కుందల మేనకోడలి లగ్గంల ఉన్నడు. గది తెల్సి నేను బస్సు దిగి ఉరికొచ్చిన. కడుపు మండి గేటు తన్నిన. 

"గేటు జర మెల్లగ తియ్యరాదమ్మా," అన్నడు పటేలు. కుర్చీల కెళ్లి లేవలే.

"మెల్లగ తీసే పనులు చేస్తే మెల్లగనే తీద్దును పటేలా," అన్న.

కల్లం నడుమ కారు ఉన్నది. ముందట ఎడమ దిక్కు జాకీ మీద నిలబెట్టిండ్రు, చక్రం లేదు. ఊడిన చక్రం పక్కనే సిమెంటు మీద పడేసి ఉన్నది. దాని పక్క కింద కూసున్నడు సిద్ధిరాములన్న. లగ్గానికి తొడిగిన తెల్లంగి ఇంకా ఒంటి మీదనే ఉన్నది. గోడ కాడ ఒక పిల్ల నిలబడ్డది, ఇరవై ఏండ్లు ఉంటయేమో, చేతుల దవాఖాన సంచి. నాగవ్వ బిడ్డ నిరోష అట. కాయితం మీద సాక్షి సంతకానికని పటేలే పిలిపించిండట. బస్సుల వచ్చిన పిల్లకు కుర్చీ కూడ ఎయ్యలే. భూపాల్ మాత్రం ఇంటి మెట్ల మీద తల కిందికి ఏసుకొని కూసున్నడు.

"బిగించింది నీ కొడుకు. అన్న మీద ఎందుకు పెడ్తున్నవు?" అన్న.

"నువ్వు చూసినవా?"

"చూడాల్నా? బోల్టుల డబ్బ నా కౌంటర్ మీదికెళ్లి తీస్కపోయింది నీ కొడుకు. అన్న వచ్చిందాక ఆగలేకపోయిండు. ఆగుడు వాని రక్తంల లేదు."

"జర నోరు అదుపుల పెట్టు."

"పెట్ట."

నిజం చెప్తున్న, ఆ గడియల నాకు మస్తు బలుపున్నది. న్యాయం నా దిక్కున్నదని మనిషికి అనిపిస్తే గొంతు దానంతట అదే పెద్దగైతది. కల్లం నలుమూలలకు ఇనపడేటట్టు తిట్టిన. భూపాల్‌ను తిట్టిన, పటేలును తిట్టిన, వాళ్ల కారును తిట్టిన.

ఆ కారు సంగతి మీకు చెప్పాలె. నెల కింద భూపాల్ దుకాణానికి ఒక లిస్టు పట్టుకొని వచ్చిండు. పెద్దగ మోగే సైలెన్సర్. కారు కిందికి దిగాలె, అందుకు స్ప్రింగులు కోసుడు. ఇంజన్ తాకత్ పెంచే పేరు లేని చైనా డబ్బ. బొక్కలున్న బ్రేక్ డిస్కులు, ఆన్‌లైన్ల సగం ధరకు. 

"సైలెన్సర్ ఎందుకురా? నువ్వొస్తున్నవని లింగంపేట బర్లకు తెల్వాల్నా?" అన్న.

నవ్విండు. "అక్కా, ఫీల్ ఉండాలె కదా."

"కూసో," అని చెప్పిన. నా దగ్గరికి వచ్చే ప్రతి కార్ల పిచ్చోనికి నేను చెప్పేది ఒకటే. ఏ పార్టు కొన్నా ముందుగాల ఒక్క సవాలు అడుగు: ఇది ఇరిగితే ఏం పోతది? సీటు కవర్ చినిగితే సోకు పోతది. స్టిక్కర్ ఊడితే సోకు పోతది. గవి ఎక్కడనన్న కొనుక్కో, నాకేం పట్టదు. బ్రేక్, టైరు, స్టీరింగ్, చక్రం, ఇవి ఇరిగితే పానం పోతది. వీటిల 'సేమ్ టు సేమ్' అన్నోన్ని దుకాణం మెట్లు ఎక్కనియ్యకు. డబ్బ మీద పార్టు నెంబర్ చూడు, కారు కంపెనీ పుస్తకంల నెంబర్‌తోని కలుపు, కలిస్తేనే తీస్కో. తాకత్ పెంచుడు తర్వాత, ముందుగాల ఆగుడు సంగతి చూడు.

వాడు ఇన్నడు. గదే బాధ. వాడు నేను చెప్పిందల్ల ఇన్నడు. చైనా డబ్బ ఇడిసిపెట్టిండు. స్ప్రింగులు కొయ్యలే. మంచి టైర్లు తీస్కున్నడు, అసలైన బ్రేక్ ప్యాడ్లు తీస్కున్నడు. రిమ్ములు కూడ, అదే కంపెనీ పెద్ద కార్ల కెళ్లి తీసిన అసలైనయే తెచ్చుకున్నడు. ఒక్క దాంట్ల మొండికేసిండు. చక్రం కొంచెం బయటికి కనపడాలట, అందుకు చక్రానికి, లోపలి హబ్బుకు నడుమ స్పేసర్ బిళ్లలు ఎయ్యాల్నట. సిద్ధిరాములన్న వద్దన్నడు. వాడు ఒప్పుకోలే. ఆఖరికి అన్న అన్నడు: "సన్నటి బిళ్లలైతే ఏద్దాం. గని బిళ్ల ఏస్తే పాత బోల్టులు పొట్టిగైతయి. పొడుగువి కావాలె. చెల్లె, గుండు బోల్టులే తెప్పియ్యి, యాదుంచుకో." యాదుంచుకున్న. నేనే హైదరాబాద్ హోల్‌సేల్‌కు చెప్పి ఇరవై తెప్పిచ్చిన.

గిది కారు కథ. ఇప్పుడు కల్లంలకే వస్త.

నేను అరుస్తనే ఉన్న. "పటేలా, నీ కొడుకు మిషన్ పెట్టి టర్‌మని బిగించిండు, చేతి పానతోని సూడలే, వంద కిలోమీటర్లు నడిచినంక మళ్ల గట్టిగ చేసుకోవాలని తెల్వదు. తప్పు వానిది. రాసుకో కాయితం మీద, సక్కగ!"

"చెల్లె," అన్నడు సిద్ధిరాములన్న. గొంతు చిన్నగున్నది. "ఇటు రా. కూసో."

"ఆగన్నా, ఇయ్యాల తేలిపోవాలె."

"తేలుతది. కూసో."

పోయి ఆయన పక్క కూసున్న. ఆయన జేబుల కెళ్లి రెండు బోల్టులు తీసిండు. ఒకటి కారుతోని వచ్చిన పాత పొట్టి బోల్టు. ఒకటి నేను తెప్పిచ్చిన పొడుగుది. నల్లగ మెరుస్తది, తలకాయ గుండ్రంగ, నున్నగ ఉంటది. రిమ్ముల ఉన్న ఐదింట్ల మూడు ఎటో పోయినయి, ఒకటి ఇరిగింది, ఇదొక్కటే దొరికిందట.

పాత బోల్టు తీసి రిమ్ము బొక్కల పెట్టిండు. ఏలితోని ఊపిండు. కదలలే. నేను తెప్పిచ్చింది పెట్టిండు. ఊపిండు.

కడకడమన్నది.

"మళ్ల ఊపు," అన్న. ఎందుకన్ననో తెల్వదు.

ఊపిండు. మళ్ల కడకడ.

అన్న ఆ బోల్టు నా చేతుల పెట్టి, తలకాయ కింది భాగం చూపిచ్చిండు. రిమ్ముకు ఆనుకునే కాడ అది ఏటవాలుగ ఉన్నది, గరాటు తీరు. పాత దానికి అదే జాగల గుండ్రంగ ఉన్నది, గోలీ సగం కోసినట్టు. రిమ్ము బొక్క కూడ గుండ్రంగనే ఉన్నది. గుండ్రటి దాంట్ల ఏటవాలు బోల్టు నిండుగ కూసోదు, ఒక్క అంచు ఆనుతది. నా బోల్టు మీద ఆ ఒక్క అంచే మెరుస్తున్నది, దారమంత మందం. మిగతాదంత నల్లరంగు అట్లనే ఉన్నది. అంటే ఎంత గట్టిగ బిగించినా, గట్టిగయినట్టే అనిపించి, రోడ్డు మీద ఊగి ఊగి వదులైతది. బిగించినోడు సిద్ధిరాములన్న అయినా అంతే, దేవుడయినా అంతే.

"గుండు అంటే కూసునే కాడ గుండు, చెల్లె," అన్నడు అన్న. "తలకాయ గాదు."

నా మెదడు ఆగిపోయింది. గుండు అంటే నాకు తలకాయనే. మా చిన్న బిడ్డకు వేములాడ గుడిల తీపిచ్చిన గుండే కండ్ల ముందట. హోల్‌సేలోడు ఫోన్ల నాలుగు రకాల ఫోటోలు పెట్టిండు. నేను నున్నటి తలకాయలున్నయి ఏరిన. ఏరి, "గీ గుండువి పంపు," అన్న. వాడు పంపిండు. మా దిక్కు కార్ల చక్రాలకు మస్తుగ ఉండేది నట్లు, బోల్టుల కారు నేను ఇంతకుముందు చూసిందే తక్కువ. అడిగితే పోయేదేమున్నది? పక్క షెడ్డే కదా. అన్నా, గుండు అంటే ఏంది అని అడిగితే నా ఇజ్జత్ పోతదా? పోతదనుకున్న. కౌంటర్ మీద ఎనిమిదేండ్ల సంది కూసున్నదానికి గుండు బోల్టు తెల్వదా అని నవ్వుతరనుకున్న. డబ్బ మీద ఇంగ్లీషుల 'కోన్' అని, అంటే గరాటు అని, రాసి ఉన్నది. చూసిన. కంపెనీ పేరనుకున్న. లోకమంతటికి నెంబర్ చూడుండ్రి, కలుపుండ్రి అని చెప్పేదాన్ని, ఆ ఒక్క డబ్బ మీద నెంబర్ కలపలే.

"నీకు ఎప్పుడు తెల్సింది?" అని అడిగిన, మెల్లగ.

"పొద్దుగాల, చక్రం చూసిన ఎంటనే."

"మరి చెప్పలే?"

"ఎవలికి చెప్పాలె? పటేలుకా?" అన్నడు. "మాట నాది. నేను సక్కగ చెప్పలే. గుండు బోల్టు అని మా ఉస్తాద్ అంటుండే, నేను గట్లనే అన్న. నీకు చూపిచ్చి చెప్పాలె. చూపియ్యలే."

"నువ్వు బిగియ్యలే అన్నా."

"నీకు ఇద్దరు ఆడపిల్లలు. ఆయన దూరమున్నడు. దుకాణం మూతపడితే ఏం చేస్తవు? నాకేమున్నది, ఒక్కన్ని." గంతే అన్నడు. మళ్ల బోల్టు నా చేతుల కెళ్లి తీస్కొని జేబుల ఏసుకున్నడు.

మీరు అనుకుంటుండొచ్చు, నేను అప్పుడే లేచి నిలబడి, నాది తప్పు అని ఒప్పుకున్ననని. ఒప్పుకోలే. అంతసేపు కల్లం అదిరేటట్టు అరిచిన దాన్ని, ఇప్పుడు సిమెంటు మీది గీతలు చూసుకుంట కూసున్న. నా పిల్లలు, దుకాణం బోర్డు, మా ఆయన ఫోన్ల అడిగేది, పేపర్ల పేరు, అన్నీ ఒక్కసారి మీదికొచ్చినయి. సిగ్గు లేకుంట చెప్తున్న, నాకు లోపల ఒక మూల నెమ్మది కూడ అయింది. అన్న మీదికే పోతున్నది కదా, ఆయనే తీసుకుంటనంటున్నడు కదా అని. ఆ నెమ్మదిని ఇయ్యాల్టికి మాఫ్ చేసుకోలేకపోతున్న.

పటేలు గమనించిండు. ముసలోడే గని కండ్లు సురుకు. "ఏమమ్మా వినోదా, అప్పటిసంది లొల్లి చేస్తివి. ఇప్పుడు నోరెందుకు పడిపోయింది?" అన్నడు.

నేను బోల్టు ఉన్న అన్న జేబు దిక్కు చూసిన.

"నీ సామాన్ల ఏమన్న తేడా ఉన్నదా?"

"సామాన్ మంచిదే పటేలా," అన్నడు సిద్ధిరాములన్న, నాకంటె ముందు. "బిగించుట్లనే తేడా అయింది. కాయితం ఇటు తెండ్రి."

పటేలు కాయితం, పెన్ను పంపిండు. కారు డిక్కీ మీద పెట్టుకొని అన్న చదివిండు. ఆయన చదువుడు మెల్లగ, ఒక్కొక్క అక్షరం మీద ఏలు పెట్టి చదువుతడు. మా షెడ్డుకు వచ్చే పిలగాండ్లు దాన్ని చూసి నవ్వుతుండే. అన్నను నేను ఆపలే. ఆపుత ఆపుత అనుకుంటనే ఉన్న, ఆ ఏలు ఒక్కొక్క గీత దిగుతనే ఉన్నది.

నిరోష దగ్గరికి వచ్చింది. అన్న ముందట నిలబడ్డది. ఏడుస్తలేదు. "కాకా, మా అవ్వ లేవంగనే చాట అడిగింది," అన్నది. "బీడీల చాట. ఒడిల పెట్టియ్యుమన్నది, కమిలిపోతది ఆకు అన్నది. ఏడ పెట్టాలె? మోకాలు లేదు. నేను ఏం చెప్పాల్నో నాకు తెల్వలే." కాయితం దిక్కు చూసి, "నువ్వే బిగించినవా?" అని అడిగింది.

అన్న తల ఎత్తలే. "అవ్ బిడ్డా," అన్నడు.

ఆ పిల్ల చెయ్యి లేస్తదేమో, ఉమ్ముతదేమో అనుకున్న. ఏం చెయ్యలే. సంచి పక్కకు పెట్టి, "సాక్షి సంతకం ఏడ చెయ్యాలె?" అని పటేలును అడిగింది.

అన్న పెన్ను మూత తీసిండు.

"బాపూ, ఇగ చాలు," అన్నడు భూపాల్.

మెట్ల మీదికెళ్లి లేచిండు. అంతసేపు ఒక్క మాట మాట్లాడని పోరడు. మొఖం తెల్లగ పాలిపోయింది. వాన్ని నేను నెల దినాలుగ ఎట్ల చూసిన? అయ్య పొలాల మీద బతికే పోరడు, పని తెల్వదు, పైసలు ఉన్నయి అని. నా కౌంటర్ కాడ వాన్ని చూసి నవ్వని దినం లేదు.

"నువ్వు ఇంట్లకు పో," అన్నడు పటేలు.

"పోను. సిద్ధిరాములు కాక ఆ దినం ఊర్లనే లేడు. బిగించింది నేను. ఆగలేకపోయిన. స్టేషన్ల గదే చెప్త."

"భూపాల్!"

"నువ్వు నన్ను తన్నినా సరే బాపూ. ఆమె కాలు పోయింది. ఈయన పేరు కూడ పోవాల్నా?" కాయితం గుంజుకొని నాలుగు ముక్కలు చేసిండు. పటేలు కుర్చీల కెళ్లి సగం లేచి, మళ్ల కూలబడ్డడు. అంత పెద్ద మనిషి ఒక్క గడియల ఎండిపోయినట్టు కనపడ్డడు.

నాకు సంతోషం అయింది, అప్పుడే సచ్చినంత పనైంది. నేను చెప్పాల్సింది వాడు చెప్పిండు. నాకంటె పదేండ్లు చిన్నోడు. నేను పనికిరాడనుకున్నోడు.

"తప్పు నాదే," అన్నడు భూపాల్, నిరోష దిక్కు తిరిగి. "గని చెల్లె, నేను కావాలని ఖరాబు సామాన్ ఎయ్యలే. నాకు అనుమానం వచ్చింది. బోల్టు జర ఊగినట్టు అనిపిచ్చి అడిగిన. సరైనయే అని చెప్పిండ్రు. నేను నమ్మిన. నమ్ముడు నా తప్పయితే తప్పే." జేబుల కెళ్లి ఫోన్ తీసిండు. నా దిక్కు చూడలే. ఒక్కసారి కూడ చూడలే.

వాయిస్ మెసేజ్. నేను పంపిన సంగతే మరిచిపోయిన. దినానికి యాభై పంపుత, గిరాకీల నడుమ, ఒక చేతుల చాయ్ గిలాస పట్టుకొని. భూపాల్ ఏలు ఆనిచ్చిండు. కల్లంల గోడలకు తగిలి నా గొంతు పెద్దగ ఇనపడ్డది.

"అరే, ఊగుతదా? నీ చేతులు ఊగుతున్నయి కావొచ్చు! గుండు బోల్టులే అవి, నేను సొంతంగ ఏరిన. సిద్ధిరాములన్నను అడిగెటందుకు ఏమున్నది, బిచ్కుందల లగ్గం బువ్వ తింటున్నడు, తిననీ. నువ్వు కండ్లు మూసుకొని బిగియ్యి."

ఆ తర్వాత నవ్వు. నా నవ్వే. పొడుగ్గ, తీరిగ్గ, పక్కన ఉన్న గిరాకీతోని కలిసి నవ్విన నవ్వు. ఆ నవ్వు నడుమల్నే మెసేజ్ కట్ అయింది.

సిద్ధిరాములన్న పెన్ను మూత ఇంకా చేతులనే పట్టుకొని ఉన్నడు. నిరోష ముందుగాల ఫోన్ దిక్కు చూసింది. తర్వాత మెల్లగ నా దిక్కు తిరిగింది. గేటు కాడికెళ్లి అప్పటిసంది నా గొంతు ఇంటనే ఉన్నది ఆ పిల్ల. 

"గా నవ్వింది ఎవలు?" అన్నది.

నేను నోరు తెరిచేలోపల్నే సిద్ధిరాములన్న లేచి మా ఇద్దరి నడుమకు వచ్చిండు. "హైదరాబాద్ దుకాణపామె బిడ్డా. ఈమె కాదు," అన్నడు.

నిరోష ఆయన దిక్కు చూడలే. ఆయన భుజం పక్కకెళ్లి నా కండ్లల్లకే చూస్తున్నది.

"నిన్ను కాదు కాకా," అన్నది. "అక్కనే చెప్పనీ."